నేను పీకేసిన జాజికాయ మొక్కలు

పాతికేళ్ళుగా హైస్కూల్లో పిల్లలకి పువ్వు భాగాలు చెబుతున్నాను. ఏటా ఒక్కొక్కరి చేతా ఒక మందారప్పువ్వు తెప్పించి, బ్లేడుతో నిలువునా కోయించి, ఇది కేసరావళి, ఇది అండకోశం అని చూపిస్తాను. కొన్ని జాతుల్లో మగపువ్వులు ఒక చెట్టుకీ ఆడపువ్వులు ఇంకో చెట్టుకీ పూస్తాయని చెప్పి, ఉదాహరణకి తాడి, బొప్పాయి అని బోర్డు మీద రాస్తాను. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. దానికి తప్పు రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన రోజులు కూడా ఉన్నాయి. ఇదంతా ముందే ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, తర్వాత సంగతి చదివి మీరు నవ్వితే నాకు కోపం రాకుండా ఉండడానికి.

మాది కోనసీమలో ఎకరన్నర కొబ్బరితోట. తోటకి ఒక పక్క మా ఇల్లు, ఇంకో పక్క పంటకాలవ. మా ఆయనకి కాకినాడలో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేస్తారు. తోట పనంతా మా అత్తగారిదే. చెట్టు కిందకెళ్ళి తలెత్తి ఒక్కసారి చూస్తే ఈ గెల నిలుస్తుందో రాలుతుందో చెప్పేయగలరు. బడికెళ్ళి చదువుకోలేదు గానీ ఆవిడ ముందు నేను చదివిన వృక్షశాస్త్రం ఏమూలకీ సరిపోదని పెళ్ళయిన మొదటి ఏడాదే అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. నేనలాంటిదాన్నే.

కొబ్బరి వరసల మధ్య జాగాలో ఆవిడవి పన్నెండు నిమ్మచెట్లుండేవి. మా మామగారు పోయిన మరుసటి ఏడు నాటుకున్నారట. కొబ్బరికాయలకొచ్చినదంతా ఇంటిది, నిమ్మకాయలకొచ్చింది మాత్రం ఆవిడది. వారానికోసారి బుట్టలో సర్దుకుని సంతకెళ్ళేవారు. ఆ రోజు ఆవిడ నడకే వేరుగా ఉండేది. ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేని మనిషి నడక అది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం ఫోన్లో ఒక వీడియో చూశాను. కొబ్బరి నీడలో జాజికాయ చెట్లు. కాయ పగిలితే లోపల నల్లటి గింజ, గింజ మీద ఎర్రటి జాపత్రి. గింజా అమ్ముడవుతుంది, జాపత్రీ అమ్ముడవుతుంది. మసాలా వ్యాపారులు తోటకొచ్చి కొనుక్కెళ్తారట. నాకు ఇంక కాళ్ళు నేల మీద నిలవలేదు. వారం రోజులు ఇంట్లో అదే పాట. ఒక్కటే అడ్డం. జాజికి కావాల్సిన మధ్య జాగాలో నిమ్మచెట్లున్నాయి.

అత్తగారు అంతా విని, ఒక్క ప్రశ్న వేశారు.

"కాస్తాయంటావా?"

"కాస్తాయత్తయ్యా. నాదీ పూచీ," అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

నాలుగు రోజులకి ఆవిడే మనిషిని పిలిపించి, పక్కన నిలబడి, నిమ్మచెట్లు పన్నెండూ కొట్టించారు. ఆఖరి కాయలు ఊరగాయ పెట్టారు. "నీ మాట మీద కొట్టించానమ్మాయ్," అన్నారు. అంతే. ఆ తర్వాత ఈ తొమ్మిదేళ్ళలో నిమ్మచెట్ల ఊసు ఆవిడ నోట రాలేదు. సంతకెళ్ళడం మానేశారు. కొడుకు శనివారం ఇచ్చిన నోటు తీసుకుని చూడకుండా కొంగున ముడేసుకునేవారు. ఆ ముడి చూసినప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. ఈ చెట్లు కాసి తీరాలి, మొదటి కాయలమ్మిన డబ్బు ఆవిడ చేతిలో పెట్టాలి. నాకు వేరే కోరిక లేకుండా పోయింది.

మొక్కలకి కడియం వైపు ఒక నర్సరీకి నేనే వెళ్ళాను. నర్సరీ ఆయన మర్యాదస్తుడు. ముందు అంటుమొక్కలు చూపించాడు. అవి చూడగానే నాకు నచ్చలేదు. పొట్టిగా, పక్కలకి పాకుతూ, పొదల్లా ఉన్నాయి. కొబ్బరిచెట్ల మధ్య బతికినదాన్ని, చెట్టంటే నిటారుగా ఉండాలని నా కళ్ళకి అలవాటు. పక్కనే గింజ నుంచి మొలిచిన మొక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఈటెలా నిలబడి ఉంది. అవి కావాలన్నాను.

"అంటులే తీసుకోండి మేడమ్. గింజ మొక్కలైతే గుంటకి రెండేసి పెట్టుకోవాలండి. పూతకొచ్చాక చూసుకుని..." అంటూ ఆయనేదో చెప్పబోయాడు.

"నేను బయాలజీ టీచర్నండి," అన్నాను.

ఆయన చేతులు కట్టుకుని "ఆయ్, అయితే మీకు నేను చెప్పేదేముందండి," అని ఊరుకున్నాడు. ఆ వాక్యం ఆయన్ని పూర్తిచెయ్యనిచ్చి ఉంటే ఈ కథే లేదు.

గుంటకి రెండు చొప్పున పన్నెండు గుంటల్లో నాటాం. ఏడాది తిరిగేసరికి అన్నీ బతికాయి. ఒక గుంటలో రెండు మొక్కలుంటే నీటికీ ఎరువుకీ పోటీ పడతాయని నాకు తెలుసు కదా. ఒక ఆదివారం టేపూ నోటుబుక్కూ పట్టుకుని తోటలోకి దిగాను. ప్రతి గుంటలోనూ రెండింటి ఎత్తూ కొలిచి రాసుకున్నాను. పొడుగ్గా, నిటారుగా ఉన్నదాన్ని ఉంచి, పొట్టిగా పక్కలకి పాకుతున్నదాన్ని పీకేశాను.

"ఇప్పుడే ఏం తెలుస్తుంది? ఉండనియ్యి రెండూ," అన్నారు అత్తగారు.

"బలమైనదే నిలవాలత్తయ్యా. అది ప్రకృతి ధర్మం," అన్నాను. నా గొంతు నాకే క్లాసులో ఉన్నట్టు వినిపించింది. పీకినవాటిలో తొమ్మిదింటికి వేళ్ళు తెగి, అవి గట్టు మీద ఎండిపోయాయి. మూడింటికి మాత్రం వేళ్ళకి మట్టి నిలిచింది. పచ్చటి మొక్కని పారేయడం అత్తగారికి చేతకాదు. మాకు కొబ్బరాకు తడికలు అల్లే ఆమె ఆ వేళ పనిలో ఉంటే, ఆమె చేతిలో పెట్టారు. ఆమెది కాలవకి అవతలి గట్టు మీద రెండు గదుల ఇల్లు. ఇంటి చుట్టూ తను అల్లిన తడికలే దడి.

తర్వాత ఐదేళ్ళు మేమిద్దరం ఆ పన్నెండు చెట్లకీ చేసిన చాకిరీ ఇద్దరు పిల్లల్ని పెంచినప్పుడు కూడా చెయ్యలేదు. ఎండాకాలం మొదళ్ళలో కొబ్బరిపీచు పరిచేవాళ్ళం. మోటారు చెడిపోయిన నెల అత్తగారు కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోశారు. తడికలు అల్లే ఆమె కూడా సాయం పట్టేది. బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా తోటలోకి వెళ్ళడం నాకు అలవాటైపోయింది. చెట్లు బాగా ఎదిగాయి. నిటారుగా, నేను కోరుకున్నట్టే ఎదిగాయి.

ఆరో ఏట ఒక పొద్దున్న ఆకు మొదళ్ళలో పసుపు తెలుపు కలిసిన చిన్నచిన్న పువ్వులు గుత్తులుగా కనిపించాయి. దగ్గరికెళ్తే సన్నటి వాసన. నేను కేకేసిన కేకకి పక్క తోటలో పనివాళ్ళు పాము కనిపించిందనుకుని కర్రలతో వచ్చారు. స్టాఫ్‌రూంలో మడతకాజాలు పంచాను. అత్తగారు ఆ పువ్వుల్ని వేలితో తాకి "ఎన్నున్నాయో!" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి.

నెల తిరగకుండా పువ్వులన్నీ రాలిపోయాయి. ఒక్క పిందె లేదు.

"కొబ్బరికి మాత్రం మొదటి గెలల్లో పిందె నిలుస్తుందా? రాలిపోదూ? చెట్టు కుదురుకోవాలి," అన్నారు అత్తగారు. అది నిజమే కాబట్టి నమ్మాను. మా ప్రాంతంలో ఏ చెట్టు సంగతొచ్చినా కొబ్బరితోనే కొలుస్తాం. ఏడో ఏడూ అంతే. గుత్తులు గుత్తులుగా పూసి, నేల మీద పరుచుకుని, ఎండి ఊడ్చుకుపోయాయి. ఎనిమిదో ఏడూ అంతే.

ఊళ్ళో ఎగతాళి మొదలైంది. "టీచరుగారూ, జాజికాయ ఎప్పుడు పంపిస్తారండి, మనవడికి ఉగ్గులో అరగదీయాలి," అని ఒకరు. "పూలు కట్టి జడలో పెట్టుకోండి పోనీ," అని ఇంకొకరు. నవ్వి ఊరుకున్నట్టు కనిపించేదాన్ని గానీ లోపల ఒళ్ళు మండిపోయేది. అత్తగారి దగ్గర మాత్రం ఎవరైనా నా గురించి ఒక్క మాట అంటే ఆవిడ వాళ్ళ మీద ఇంతెత్తున లేచేవారు. "దానికి తెలుసు ఏం చేస్తోందో. మీకెందుకు?" అనేవారు. నా వెనక నా గురించి ఆవిడ అలా మాట్లాడతారని తెలిసినప్పుడు నాకు సంతోషం కంటే భయం ఎక్కువ వేసింది. ఆవిడ నమ్మకం ముందు నేను నిలబడాలి కదా.

చివరికి మొన్న ఆషాఢంలో, ఉద్యానశాఖ అధికారి ఒకాయన ఊళ్ళో కోకో తోటలు చూడడానికి వచ్చారని తెలిసి, బతిమాలి మా తోటకి తీసుకొచ్చాను. దారిలోనే నేనేం చదువుకున్నానో, ఏం పాఠం చెబుతానో చెప్పేసుకున్నాను. పోషకాల లోపమేదో అయ్యుంటుందని నా అనుమానం కూడా చెప్పాను.

ఆయన మొదటి చెట్టు దగ్గర ఆగి, ఒక పువ్వు కోసి, బొటనవేలి గోటితో నిలువునా చీల్చి చూశారు. రెండో చెట్టు. మూడో చెట్టు. పన్నెండూ తిరిగి వచ్చి నా అరచేతిలో చీల్చిన పువ్వొకటి పెట్టారు.

"మేడమ్, ఇవి మగచెట్లండి."

"ఏంటండీ?" అన్నాను.

"జాజిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరండి. మీకున్న పన్నెండింట్లో పది మగవి. రెండింటికి ఇంకా పూతే రాలేదు."

అరచేతిలోకి చూశాను. పువ్వు మధ్యలో సన్నటి కాడ, దాని చుట్టూ పుప్పొడి. కింద గుండ్రటి అండాశయం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఏ పిల్లాడైనా చెప్పేస్తాడు. మూడేళ్ళు రోజూ చూసిన పువ్వు అది. వేల పువ్వులు నా కాళ్ళ కింద రాలాయి. ఒక్కదాన్ని, ఒకే ఒక్కదాన్ని బ్లేడుతో కోసి చూడాలని నాకు తోచలేదు. బడిలో మందారాలు కోయించిన చేత్తోనే ఇంటికొచ్చి ఈ చెట్లకి నీళ్ళు పోశాను. కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడ్డాను.

తేరుకున్నాక ముందు అత్తగారి వైపు చూశాను. ఆవిడ నాలుగడుగుల దూరంలో కొబ్బరికాయల కుప్ప దగ్గర ఉన్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఎంత గుండెదిటవు అనుకున్నాను.

"పోనీండి మేడమ్, దారి లేకపోలేదు," అన్నారు అధికారి. ఛాతీ ఎత్తున చెట్టు తల కోసేసి, వచ్చిన చిగుళ్ళకి ఆడచెట్టు కొమ్మలతో అంటు కట్టొచ్చట. పుప్పొడికి ఒక్క మగచెట్టు ఉంచుకుంటే చాలట. "గింజ మొక్కలంటున్నారు కదా, గుంటకి రెండేసి పెట్టలేదా?"

"పెట్టాను. పొట్టివి పీకేశాను."

ఆయన నా ముఖం చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, "ఖాయంగా చెప్పలేం గానీ, నిటారుగా సాగేవి మగవి అవుతాయని కొందరు రైతులంటారండి. పక్కలకి పాకేవి ఆడవని," అన్నారు. "పీకినవి ఎక్కడైనా బతికాయా?"

"లేదు. ఎప్పుడో చచ్చాయి," అన్నారు అత్తగారు. నేనింకా నోరు తెరవకముందే అన్నారు.

"మూడు ఇచ్చారు కదా అత్తయ్యా, తడికలు అల్లే ఆమెకి?"

"అవీ బతకలేదు."

ఈలోగా అధికారి కాలవగట్టు మీదకి ఎక్కి, అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించారు. "మరి అవేంటండి?" తడికల దడి మీదుగా మూడు చెట్ల తలలు కనిపిస్తున్నాయి. ముదురాకుపచ్చ ఆకు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్న ఆకు, ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను. అయినా ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆ గట్టెక్కి అటు చూడలేదు, కాలవ దాటలేదు. నా స్కూటీ దారి ఇటు, పని ఉంటే ఆమే వస్తుంది, నేనెందుకు వెళ్తాను? మేం కాలిబాట వంతెన వైపు నడుస్తుంటే అత్తగారు వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

దడి తలుపు తీసేసరికి నేను ఉన్నచోటే ఆగిపోయాను. మూడు చెట్లూ కాసి ఉన్నాయి. పండిన జామకాయ రంగులో, కొమ్మకొమ్మకీ కాయలు. కొన్ని చెట్టు మీదే రెండుగా విచ్చుకుని, లోపలి ఎర్రటి జాపత్రి కనిపిస్తోంది. వీడియోలో చూసిన ఎరుపు కంటే ఎక్కువ ఎరుపు. నేను నోటుబుక్కులో ఎత్తు రాసుకుని, పనికిరావని పీకి పారేసిన మొక్కలు. సంతోషమో ఏడుపో తెలియని శబ్దమొకటి నా గొంతులోంచి వచ్చింది. కింద రాలిన కాయ ఒకటి తీసుకోబోయాను.

"ముట్టుకోకండి టీచరుగారండీ! విషం!"

తడికలు అల్లే ఆమె చేతిలో ఆకు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. నిజంగానే భయపడిపోయింది.

"విషమేంటమ్మా? ఇది జాజికాయ."

"కాదండి. ఇవి అడివిజాజండి. మందూ కాదు, మాకూ కాదు. విషం. మీకు తెలీనిదేముందండి, అందుకే కదండి మీరు కొలిసి కొలిసి వీటినే పీకేసేరు."

"ఎవరు చెప్పారు నీకు?"

"పెద్దమ్మగారండి. రెండేళ్ళ కిందట మొదలు కాసినప్పుడు వచ్చి చూసేరండి. రాలినయ్యన్నీ ఏరి కాలవలో పారెయ్యి, ఎవరికీ చూపించకు, పిల్లలు తింటే పోతారన్నారు. పొద్దున్నొక బుట్టా సాయంత్రమొక బుట్టా పారేత్తానండి. సెట్టు కొట్టేద్దామంటే నీడ బాగుందని మనసొప్పక..."

పొద్దున్నుంచీ తగిలింది చాలదన్నట్టు ఇదొకటి. అధికారే ఆమెకి చెప్పారు. ఇది అసలు సిసలు జాజికాయేననీ, గింజా జాపత్రీ రెండూ అమ్ముడవుతాయనీ, జాపత్రికి ఇంకా ఎక్కువ ధరనీ. కాలవకి అవతల టీచరుగారి మగచెట్లు ఉండబట్టే ఈ చెట్లు ఇంతలా కాస్తున్నాయని కూడా చెప్పారు. ఆమె ముందు నవ్వింది. పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. నా ముఖం చూసి నవ్వు ఆపింది.

"అమ్ముతారా అండి ఇవి?"

"అమ్ముతారమ్మా," అన్నాను.

ఆమె కాలవ వైపు చూసింది. అల్లుతున్న తడిక మీదే కూలబడింది. "మరి నేను పారేసినయ్యండి?" అని నన్నే అడిగింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉన్నారు. నేను అరుస్తాననుకున్నాను గానీ మెల్లిగానే అడిగాను.

"ఎందుకత్తయ్యా?"

"నీ మాట మీద నేను చెట్లు కొట్టించానని ఊరంతటికీ తెలుసు. నువ్వు పీకి పారేసినవి కాసి, నువ్వు పెంచినవి గొడ్డుపోతే ఊరు నిన్ను బతకనిస్తుందా? ఆ బడిలో పిల్లల ముందు తలెత్తుకోగలవా?" అన్నారు. "మనవీ ఇవాళో రేపో కాస్తాయనుకున్నాను. అవి కాశాక ఆ తడికలదానికి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఒక్క ఏడే కదా అనుకున్నాను. రెండేళ్ళయింది."

"ఆమె కాయలత్తయ్యా అవి."

"మనం పారేసిన మొక్కలేగా," అన్నారు గానీ ఆ మాట ఆవిడకే నచ్చనట్టు తల దించుకున్నారు.

నాకు ఆవిడ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని కింద ఇంకోటి ఉంది, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు. నా కోసం ఇంతగా అబద్ధమాడిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఆ అబద్ధం అతకడానికి కారణం కూడా నేనే. ఎవరో చెబితే నమ్మేదా ఆమె? టీచరమ్మ పుస్తకం పట్టుకుని, కొలిచి పీకింది కాబట్టి నమ్మింది. నా చదువు మీద గౌరవంతో రెండేళ్ళు తన పంటని తన చేత్తోనే కాలవలో పారేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూట మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, "పద," అన్నారు. వంతెన దాటుతున్నప్పుడు నా భుజం పట్టుకున్నారు. అధికారి చెప్పినట్టు ఆడచెట్ల కొమ్మలు కావాలి మాకు, అవి ఇవ్వగలిగేది ఆమె ఒక్కతే. అది నా మనసులో ఉంది. క్షమించమని అడిగి, కాయలు అమ్మిపెడతామని చెప్పి, ఆ తర్వాత కొమ్మల మాట ఎత్తాలని వరసగా అనుకుంటూ నడిచాను.

ఆమె చెట్ల కింద ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టి, కుర్చీ తేబోయింది. అత్తగారు వద్దన్నారు. వంగి, రాలిన కాయ ఒకటి తీసుకుని, కొంగుతో తుడిచి, పైతొక్క ముక్క కొరికారు. వగరూ పులుపూ ఒక్కసారిగా తగిలినట్టుంది, ముఖం ముడుచుకుపోయింది. అయినా నమిలారు.

"చూడవే. విషం కాదు. నేను అబద్ధం చెప్పాను," అన్నారు.

అంత మాట ఆవిడ ఎవరితోనైనా అనగా నేను వినలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఏదో ఇంటి సంగతి చెబుతున్నట్టు మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"కిందటేడు మా మనవరాలు ఆ ఎర్రది నోట్లో ఎట్టుకుంటే, దాన్నెత్తుకుని మీ గుమ్మంలోకే కదండి పరిగెత్తుకొచ్చేను. టీచరుగారు బడికెళ్ళిపోయేరు. ఏం సెయ్యమంటారమ్మగారూ అని మీ కాళ్ళట్టుకున్నాను. మజ్జిగ పట్టించు, ఏం కాదులే అన్నారు. నాకు మనసాగలేదండి. ఆటో కట్టించుకుని అమలాపురం ఆసుపత్రికి అట్టుకెళ్ళేను. విషం తినేసిందండీ అని డాక్టరుగారితో నేనే సెప్పేను. నలుగురు కాళ్ళూ సేతులూ అట్టుకుని, దాని పీకలోకి గొట్టం ఏసి పొట్ట కడిగేరండి. ఐదేళ్ళ పిల్లండి. ఇప్పటికీ ఆసుపత్రంటే పక్క తడిపేస్తది."

అత్తగారి నమలడం ఆగిపోయింది.

"ఆవేళ మీరీ ముక్క మా ముందు తినుంటే సరిపోయేది కదండి, అమ్మగారూ."

నాకు ఈ సంగతి తెలియదు. ఆ రోజు బడి నుంచి వచ్చి, తోటలోకి వెళ్ళి, నా చెట్ల పూత చూసుకుని మురిసిపోయి ఉంటాను. అత్తగారి ముఖం చూశాను. ఆవిడకి మజ్జిగ వరకే తెలుసు. గొట్టం సంగతి ఇప్పుడే వింటున్నారు. నోట్లో ముక్క మింగలేక, ఆమె వాకిట్లో ఉమ్మలేక, బుగ్గన పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. కొమ్మల మాట, క్షమించమనే మాట, వరసగా పేర్చుకున్న మాటలన్నీ నా నోటిదాకా రాలేదు.

ఆమె చేట తెచ్చుకుని, మా కాళ్ళ దగ్గర కూర్చుని, రాలిన కాయల్ని ఒక్కొక్కటీ ఏరి మట్టి దులిపి వేసుకోవడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అంది.

"కొంచెం జరగండి టీచరుగారూ. కాయలు తొక్కేత్తన్నారు."